వన్‌టౌన్‌లో కొన్న స్టీలు కాఫీ ఫిల్టరు: పది నెలలు వాడాక

కాఫీ ఫిల్టరు కొనేటప్పుడు పై గిన్నెను లైటుకేసి ఎత్తి పట్టుకుని చిల్లులు చూడకుండా డబ్బులివ్వకండి. ఇంతకుముందు నేను ఒకటి అలా చూడకుండా కొన్నాను. ఆర్నెల్లపాటు ఇంటిల్లిపాదీ పల్చటి కాఫీ తాగాం.

మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంట్లో కాఫీ తాగేవాళ్ళం ముగ్గురం: మామగారు, మావారు, నేను. రోజుకి రెండుసార్లు. మామగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. డ్యూటీ రోజుల అలవాటు, ఇప్పటికీ ఐదింటికల్లా లేచి హాల్లో కుర్చీలో కూర్చుంటారు. ఆ టైముకి చేతికి గ్లాసు అందాలి. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఇత్తడి ఫిల్టరు వాడేవారు. లోపల కళాయి పోయింది. కాఫీలో పులుపు ఉంటుంది కాబట్టి కళాయి లేని ఇత్తడిలో డికాషన్ దించకూడదు. కళాయి వేసేవాళ్ళు మా వీధిలోకి రావడం ఎప్పుడో మానేశారు, దాంతో అది అటకెక్కింది. తర్వాత ఒక స్టీలు ఫిల్టరు పదిహేనేళ్ళు పనిచేసింది. దాని కింది గిన్నె సొట్టబడి పై గిన్నె సరిగా కూర్చోవడం మానేశాక ఫోన్లో ఒకటి ఆర్డరు పెట్టాను.

బొమ్మలో బాగుంది, తళతళలాడుతూ వచ్చింది. తీరా నీళ్ళు పోస్తే నాలుగు నిమిషాల్లో మొత్తం కిందికి దిగిపోయేది. డికాషన్ రంగు ఉండేది, రుచి ఉండేది కాదు. గ్లాసు అడుగున మడ్డి. పొడి ఎక్కువ వేశాను, పొడి మార్చాను, పాలు మార్చాను. మామగారు నోరు తెరిచి ఏమీ అనలేదు, గ్లాసులో మాత్రం రోజూ అడుగున రెండు గుక్కలు వదిలేసేవారు. కడిగేటప్పుడు ఆ రెండు గుక్కలూ సింకులో పోయడం నాకు కష్టంగా ఉండేది. అత్తగారి కాఫీ ఆయన ఎప్పుడూ వదిలింది లేదు.

లోపం పొడిలో కాదు, ఫిల్టరులోనే ఉందని తెలుసుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. చిల్లులు పెద్దవి. పైగా లోపల పెట్టే కాడ ఉన్న బిళ్ళ, మా ఇంట్లో దాన్ని గొడుగు అంటాం, అది గిన్నె వెడల్పుకి సరిపోలేదు. చుట్టూ వేలి గోరు పట్టేంత సందు. నీళ్ళు పొడిలోంచి దిగకుండా ఆ సందులోంచి గిన్నె గోడ వెంబడి జారిపోయేవి. పొడి పారేసేటప్పుడు చూస్తే మధ్యలో ముద్ద పొడిపొడిగా, అంచుల్లో బురదలా ఉండేది. అది చూశాకే నాకు విషయం అర్థమైంది.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి సామాన్లు కొనడానికి వన్‌టౌన్ వెళ్ళినప్పుడు కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర్లో ఒక గిన్నెల కొట్టులో అడిగాను. చిన్న కొట్టు, గుమ్మానికి రెండువైపులా బిందెలు వేలాడదీసి ఉన్నాయి. పెద్దాయన పై అరలోంచి నాలుగు ఫిల్టర్లు దించారు. బయటినుంచి నాలుగూ ఒకేలా ఉన్నాయి. నా అవస్థ చెప్తే ఆయన నవ్వకుండా, తొందరపడకుండా విన్నారు. "పై గిన్నె ఇలా ట్యూబులైటుకి పెట్టి చూడమ్మా" అన్నారు.

మొదటిదానిలో ఒక పక్క చిల్లులే లేవు, అచ్చు జరిగినట్టుంది. రెండోదానిలో కొన్ని చుక్కలు చిన్నవి, కొన్ని ఆవగింజంత. మూడోదాన్ని ఎత్తగానే తేడా తెలిసింది. అంచు నుంచి అంచు దాకా గుండుసూది మొనంత చుక్కలు, వరసలు తప్పకుండా, అన్నీ ఒకే వెలుగుతో. చేతివేలితో లోపల తడిమి చూశాను, ఎక్కడా బొడిపె తగల్లేదు. గొడుగు లోపల పెట్టి తిప్పితే గిన్నె గోడకి ఆనీ ఆనకుండా తిరిగింది. పెద్దాయన పక్కనున్న కూజాలోంచి నీళ్ళు పోశారు. "ధారగా పడితే పొడి జారిపోద్ది. చుక్కలు చుక్కలుగా పడాల" అన్నారు. చుక్కలుగానే పడ్డాయి. 450 చెప్పారు, 420కి ఇచ్చారు.

స్టీలు మంచిదేనా అని అయస్కాంతం పెట్టి చూసేవాళ్ళున్నారు. ఈ ఫిల్టరుకి అయస్కాంతం అంటుకోదు. కానీ తక్కువ రకం స్టీలు కొన్నిటికి కూడా అంటుకోదు కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. పది నెలలైంది, తుప్పు మచ్చ రాలేదు, మూత వదులు కాలేదు. నాకది చాలు.

ఇప్పుడు డికాషన్ సంగతి. నేను పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తాను, కొలవకుండా ఏదీ నమ్మబుద్ధి కాదు. వంటింటి త్రాసు పెట్టుకుని మొదటి రెండు వారాలు రోజూ ఒక నోటుబుక్కులో రాశాను. ముగ్గురికి 30 గ్రాముల పొడి, 170 మిల్లీలీటర్ల నీళ్ళు. కిందికి దిగేది 110 దాకా. మిగతా 60 పొడే పట్టేసుకుంటుంది, అంటే పొడి తన బరువుకి రెండింతల నీళ్ళు దాచుకుంటుందన్నమాట. ఇది తెలియక చాలామంది డికాషన్ తక్కువ వచ్చిందని పైనుంచి మళ్ళీ నీళ్ళు పోస్తారు. ఆ పోసిన నీళ్ళతోనే చేదు దిగుతుంది. కాఫీలో కమ్మదనం, వాసన, ఆ సన్నటి పులుపు ముందే వచ్చేస్తాయి. చేదు, వగరు చివర్లో వస్తాయి. అందుకే మొదటి డికాషన్, రెండో డికాషన్ అని మన పెద్దవాళ్ళు వేరుగా పిలిచారు. రెండోది నేను మొదటిదాంట్లో కలపను.

పాత ఫిల్టరులో నాలుగు నిమిషాల్లో దిగిన నీళ్ళు దీంట్లో దిగడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతోంది. తేడా అంతా ఇక్కడే ఉంది. నీళ్ళు పొడి దగ్గర ఆగాలి. ఆగకపోతే ఎంత ఖరీదైన పొడి వేసినా రంగునీళ్ళే. మరీ ఆగిపోయినా కష్టమే. ఒకరోజు చట్నీకి మిక్సీ పట్టినట్టు గింజల్ని మెత్తగా పట్టేశాను, ముప్పావుగంటకి కూడా సగం దిగలేదు, దిగినంత కషాయంలా ఉంది. పొడి కొట్టులో "ఫిల్టరుకి" అని చెప్పి పట్టించుకోండి. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి రవ్వలా తగలాలి, పౌడరులా కాదు.

నేను చేసే పద్ధతి ఇది. పొడి వేసి గిన్నెను రెండుసార్లు అరచేతికి తట్టి చదును చేస్తాను. గొడుగు పైన ఆనిస్తాను, నొక్కను. మా అమ్మ గట్టిగా నొక్కేది, తెనాలిలో మా పుట్టింట్లో అందరూ అలాగే చేస్తారు. నొక్కితే నీళ్ళకి దారి దొరక్క ఒకచోట పగులు పడి అక్కడినుంచే జారుతాయి. గొడుగు పని నొక్కడం కాదు, పైనుంచి పడే నీళ్ళు పొడిని గుంట చేయకుండా అంతటా పరచడం. నీళ్ళు తెర్లాక స్టవ్ ఆపి అరనిమిషం ఆగుతాను. ముందు రెండు గరిటెల నీళ్ళే పోసి, పొడి తడిసేదాకా ఇంకో అరనిమిషం. అప్పుడే వేయించిన పొడి అయితే ఈ అరనిమిషంలో గొడుగు కాడ కొంచెం పైకి లేస్తుంది, చిల్లుల్లోంచి బుడగలు వస్తాయి. వేయించినప్పుడు గింజలో చేరిన గాలి అది. బుడగ రాలేదంటే పొడి పాతదని అర్థం. ఆ తర్వాత మిగతా నీళ్ళు పోసి మూత పెట్టి వాకిట్లోకి వెళ్తాను. ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి వచ్చేసరికి చివరి చుక్కలు పడుతుంటాయి.

నీళ్ళ గురించి చెప్పాలి. మా అపార్టుమెంటులో బోరునీళ్ళు, మున్సిపల్ పంపు నీళ్ళు రెండూ వస్తాయి. తాగడానికి ఆర్వో మిషను ఉంది. ఒకే పొడితో మూడు రకాల నీళ్ళతో వరసగా మూడు రోజులు పెట్టాను. బోరునీళ్ళలో సున్నం ఎక్కువ, అది కాఫీలోని పులుపుని చంపేస్తుంది. కాఫీ మొద్దుగా, సుద్ద తాగినట్టుంది. ఆర్వో నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు. కాఫీ శుభ్రంగా ఉంది కానీ చప్పగా, బోలుగా ఉంది. పంపులో వచ్చే కృష్ణ నీళ్ళు వడగట్టి, ఒకసారి కాచి చల్లార్చినవి పోసినరోజు మావారు పేపరు మడిచి "ఇవాళ ఏం వేశావ్?" అని అడిగారు. ఆయనకి ముందుగా ఏమీ చెప్పలేదు. అప్పట్నించి కాఫీకి కృష్ణ నీళ్ళే.

పొడి గవర్నరుపేటలో తెస్తాను, కళ్ళముందే మరపట్టి ఇచ్చే చిన్న కొట్టు. పేరు కంటే ముఖ్యమైంది అక్కడ నేను అడిగే మూడు ప్రశ్నలు. ఎప్పుడు వేయించారు, ఏ గింజ, చికోరీ ఎంత. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర కొనండి. వాళ్ళ భాష కొంచెం తెలిసుంటే మంచిది. "ప్లాంటేషన్" అంటే పండు గుజ్జు తీసి కడిగి ఆరబెట్టిన అరబికా. "చెర్రీ" అంటే పండు పండుగానే ఎండబెట్టి తర్వాత ఒలిచింది. "పీబెర్రీ" అంటే పండులో రెండు బద్దలకి బదులు ఒకటే గుండ్రటి గింజ ఉన్నది. అరబికా, రోబస్టా అని కాఫీలో రెండు ముఖ్య రకాలు. రోబస్టాలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు, చేదు ఎక్కువ, చిక్కదనం ఎక్కువ. నేను ప్లాంటేషన్ ఏ (పెద్ద సైజు గింజ), పీబెర్రీ సగం సగం పట్టించి, అందులో నూటికి 15 పాళ్ళు చికోరీ కలపమంటాను.

చికోరీ అనగానే కల్తీ అని మొహం చిట్లించేవాళ్ళున్నారు. అది ఒక మొక్క వేరు, వేయించి పొడి కొడతారు, కెఫీన్ ఉండదు. నీళ్ళలో కాఫీకంటే ఎక్కువ కరుగుతుంది, తడిసి ఉబ్బి నీళ్ళని ఆపుతుంది. అందుకే చికోరీ ఉన్న డికాషన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. పాలు పోసి తాగే మనకి అది అవసరమే. అయితే హద్దు ఉండాలి. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన, ఎంతెంతో ప్యాకెట్ మీద వేయాలి. మీ ఇంట్లో ప్యాకెట్ ఒకసారి తిప్పి చదవండి. దాదాపు సగం వేరుపొడికి కాఫీ ధర కడుతున్నామని నాకు అలాగే తెలిసింది.

మొన్న చలికాలం కిరండోల్ రైలెక్కి అరకు వెళ్ళొచ్చాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు. ఒక ఇంటి ముందు ఎర్రటి పళ్ళు పరిచి ఉంటే మామగారు వంగి ఒక పండు నొక్కి చూశారు. రెండు గింజలు జిగటగా వేళ్ళకి అంటుకున్నాయి. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. ఇన్నేళ్ళుగా తాగుతున్న కాఫీకి తీపి పండు ఉంటుందని ఆయనకి ఆరోజే తెలిసింది, రైల్లో తిరిగొచ్చేదాకా అదే మాట. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గిరిజన సహకార సంస్థ వాళ్ళ అరకు వ్యాలీ కాఫీ పొడి తెచ్చి ఈ ఫిల్టరులో దించాను. చికోరీ లేకుండా దించితే మామూలు కొలతకి కొంచెం పల్చగా అనిపించింది, 30 గ్రాములకి బదులు 36 వేసి నీళ్ళు అంతే ఉంచితే కుదిరింది. పాలు తక్కువ పోసుకునేవాళ్ళకి చాలా బాగుంటుంది. నేను ఆదివారం సాయంత్రాలకి అది ఉంచుకున్నాను.

ఏ పొడైనా పావుకిలో కంటే ఎక్కువ కొనకండి. విజయవాడ ఎండలకి పొడి వాసన ఎంత త్వరగా పోతుందో మే నెలలో డబ్బా తెరిస్తే తెలుస్తుంది. స్టవ్ పక్క అలమరలో పెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి పెడుతుంటే చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది. నేను బిర్రుగా మూత పట్టే స్టీలు డబ్బాలో, పూజగదిలో కింది అరలో పెడతాను, మా ఇంట్లో ఎండ తగలని చోటు అదొక్కటే.

పాలు చిక్కటివే, 6 శాతం వెన్న ఉన్న ప్యాకెట్. ఒక్కసారే పొంగించాలి. పొద్దున కాచిన పాలు మళ్ళీ మళ్ళీ కాస్తే పాలకోవా వాసన వచ్చి కాఫీని మింగేస్తుంది. డికాషన్ని మాత్రం స్టవ్ మీద పెట్టకండి. చల్లారితే గిన్నెను వేడినీళ్ళలో ఉంచండి చాలు. మరిగిస్తే పోయే వాసన మళ్ళీ రాదు.

ఫిల్టరులో లోపాలూ ఉన్నాయి. కింది గిన్నెకి పట్టుకోవడానికి అంచు చాలదు, వేడిగా ఉన్నప్పుడు గుడ్డ కావాలి. ఒక్కోరోజు ఆవిరికి రెండు గిన్నెలూ బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పితే వేడి డికాషన్ చేతి మీద పడుతుంది, నాకు ఒకసారి పడింది. రెండు నిమిషాలు చల్లారనిచ్చి తీయండి. గొడుగు కాడ పొట్టిది, పొడి ఎక్కువ వేస్తే మూతకి తగులుతుంది. చికోరీ జిగురుకి మూడు వారాలకోసారి చిల్లులు పూడుకుంటాయి. సూదితో పొడవకండి, చిల్లు పెద్దదైందంటే ఫిల్టరు పోయినట్టే. మా వీధిలో కొందరు మంట మీద బోర్లించి కాలుస్తారు, స్టీలు నీలంగా మారుతుంది, నాకు ఇష్టంలేదు. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ లైటుకి పెట్టి చూస్తాను. చుక్కలన్నీ కనిపించేదాకా రుద్దుతాను.

ఇది ముగ్గురి సైజు. ఒక్కరే ఉండేవాళ్ళు దీన్ని కొనకండి. పది గ్రాముల పొడి వేస్తే అడుగున పల్చటి పొరలా ఉంటుంది, నీళ్ళు చటుక్కున దిగిపోతాయి. ఒంటరిగా ఉన్నవాళ్ళకి సన్నటి చిన్న ఫిల్టరు దొరుకుతుంది, అది అడగండి. పొడి కనీసం రెండు వేళ్ళ మందం ఉండాలి, మీ ఇంటి లెక్కకి ఏ సైజు కావాలో దాన్నిబట్టి చూసుకోండి.

మామగారు గ్లాసులో ఇప్పుడు ఏమీ వదలట్లేదు. రెండో వారంలోనే గమనించాను, కానీ అడగలేదు. ఒకరోజు ఆయనే ఖాళీ గ్లాసు సింకు దాకా తెచ్చి పెట్టి, "అమ్మాయ్, ఇది మీ అత్తయ్య కాఫీ కాదు. కానీ కాఫీయే" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట నేను ఆశించను.

సంక్రాంతికి గుంటూరు నుంచి మా ఆడపడుచు వాళ్ళు ఆరుగురు వస్తారు. ఈ ఫిల్టరుతో మళ్ళీ మళ్ళీ దించితే మొదటిది చల్లారిపోతుంది, అందుకని ఆరుగురి సైజు కావాలని ఆ పెద్దాయనకి చెప్పొచ్చాను. దసరా వెళ్ళాక కొత్త సరుకు వస్తుందట. ఈసారి మామగారు కూడా వస్తానన్నారు. చిల్లులు తనే చూస్తారట, కళ్ళజోడు తీసుకుని.